మాటల గది: జంధ్యాల సినిమాల ప్రదర్శనకు పని డైరీ

మార్చి, మూడో వారం

జంధ్యాల సినిమాల సింహావలోకనం మా మ్యూజియంలో జరపాలన్న నిర్ణయం ఖాయమైంది. ప్రారంభం నవంబరులో. గదుల రూపకల్పన నా బాధ్యత, సినిమాల ఎంపిక క్యూరేటర్ మేడమ్‌తో కలిసి చేయాలి. ఆయన పుట్టింది 1951లో నరసాపురంలోనే అయినా చదువు, నాటకాలు, తొలినాటి స్నేహాలు విజయవాడవే. ఈ ఊరు ఆయనకు ఇలాంటి ప్రదర్శన ఎప్పటినుంచో బాకీ ఉంది.

మొదటి సమావేశంలో వచ్చిన ప్రతిపాదన అందరూ ఊహించేదే. గోడలకు వాల్‌పోస్టర్లు, అద్దాల బల్లల్లో ఫొటో కార్డులు, పాటల పుస్తకాలు, సాయంత్రం పూట సినిమాలు. వాటిమీద నాకు చిన్నచూపు లేదు. థియేటరు బయట అమ్మిన పాటల పుస్తకంలో 'శేషం వెండితెరపై చూడండి' అని ముగిసే కథాసంగ్రహం చదవడం నాకిప్పటికీ ఇష్టమే. అయితే పోస్టరులో కనిపించేది నటులు, ఫొటోలో కనిపించేది కెమెరా పనితనం. జంధ్యాల సినిమాల్లోకి మాటల రచయితగా వచ్చారు. 'అడవిరాముడు', 'వేటగాడు', 'శంకరాభరణం' సినిమాలకు మాటలు రాశాకే 1981లో 'ముద్దమందారం'తో దర్శకుడయ్యారు. అలాంటి మనిషి ప్రదర్శనలో ఆయన రాసింది ఏ గోడమీద ఉంటుంది?

నాలుగు డైలాగులు పెద్ద అక్షరాలతో అచ్చు వేయిద్దామని ఒకరన్నారు. అచ్చులో అవి వారపత్రికలో ఖాళీ నింపడానికి వేసిన జోకుల్లా ఉంటాయి. ఆ మాటలు కళ్లతో చదవడానికి రాసినవి కావు. ఏ గొంతు పలకాలో, ఎంత వేగంతో పలకాలో, పక్కనున్నవాడు ఎంతసేపు బిత్తరపోయి చూడాలో తెలిసి రాసినవి. అందుకే నా ప్రతిపాదన ఇది: ఈ ప్రదర్శనలో ప్రధాన వస్తువు శబ్దం కావాలి. మూడు గదుల్లో మధ్య గది పూర్తిగా వినడానికే. బొమ్మ ఉండదు, చీకటి ఉంటుంది, కూర్చోవడానికి బల్లలు ఉంటాయి.

"మ్యూజియానికి జనం చూడటానికి వస్తారమ్మా" అన్నారు మేడమ్. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వచ్చిన రోజులు గుర్తు చేశాను. గంటసేపట్లో సినిమా మొత్తం చెవులతో చూసేవాళ్లం. బొమ్మ లేదని ఎవరూ రేడియో కట్టేయలేదు. ఆమె వెంటనే ఒప్పుకోలేదు, కాదని కూడా అనలేదు. ముందు గది సిద్ధం చేసి వినిపించమన్నారు.

ఏప్రిల్, మొదటి వారం

సినిమాల జాబితా. ఇక్కడ వాదన ఎక్కువే జరిగింది.

అన్నీ హాస్య చిత్రాలే వేస్తే హాలు నిండుతుంది, నిజమే. జంధ్యాల అనగానే జనానికి గుర్తొచ్చేది నవ్వే. కానీ నేను మొదటి రోజు 'శంకరాభరణం' (1980) వేయాలని పట్టుబట్టాను. అది కె.విశ్వనాథ్ గారి సినిమా, జంధ్యాల మాటలు మాత్రమే రాశారు, ఇక్కడ ఎలా వేస్తామన్నది ఎదురుప్రశ్న. నా కారణం ఇదీ. శంకరశాస్త్రి తక్కువ మాట్లాడతాడు. జె.వి.సోమయాజులు ఆ పాత్రను మౌనంతోనే సగం మోశారు. చుట్టూ ఉన్నవాళ్లు, ముఖ్యంగా అల్లు రామలింగయ్య వేసిన లాయరు స్నేహితుడు, ఆ మౌనాన్ని పూరించేలా మాట్లాడతారు. ఎవరికి ఎన్ని మాటలు ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో లెక్క తెలిసిన రచయిత అక్కడ కనిపిస్తాడు. ఆ తర్వాతి రోజు 'నాలుగు స్తంభాలాట' (1982) వేస్తే అదే కలం మాటల్ని వరదలా వదిలిపెట్టడం వినిపిస్తుంది. ఆ వరద పుణ్యమా అనే వీరభద్రరావు, వేలు ఇద్దరి పేర్ల ముందూ 'సుత్తి' ఇంటిపేరులా నిలిచిపోయింది. రెండూ పక్కపక్కన పడితేనే రచయిత అర్థమవుతాడు.

మేడమ్ దీనికి ఒప్పుకొని తనవైపు నుంచి 'ఆనందభైరవి' చేర్చారు. కూచిపూడి నాట్యం చుట్టూ అల్లిన కథ, గురువుగా గిరీష్ కర్నాడ్. కూచిపూడి గ్రామం మాకు దగ్గరే. అక్కడి నాట్యాచార్యుల కుటుంబాలు వచ్చి చూడాలని ఆమె కోరిక. జంధ్యాల అంటే నవ్వొక్కటే అనుకునేవాళ్లకు ఈ సినిమా అవసరం.

'శ్రీవారికి ప్రేమలేఖ' (1984), 'చంటబ్బాయ్' (1986), 'అహ నా పెళ్ళంట' (1987) గురించి ఎవరికీ అభ్యంతరం లేదు. వీటి గురించి అద్దాల బల్లలో చెప్పవలసిన సంగతి ఒకటుంది. మొదటిదానికి ఆధారం పొత్తూరి విజయలక్ష్మి నవల, రెండోదానికి మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల, మూడోదానికి ఆదివిష్ణు నవల. రచయిత-దర్శకుడు అంటే కథ కూడా తనదే అయి ఉండాలని చాలామంది అనుకుంటారు. జంధ్యాల ఇతరుల నవలలు ఆనందంగా తీసుకున్నారు, తీసుకొని పాత్రల నోట తన మాట పెట్టారు. కాబట్టి బల్లలో నవలల పాత ప్రతులు తెరిచి పెడతాం. సందర్శకుడు పేజీ చదివి, పక్కనే తగిలించిన హెడ్‌ఫోనులో ఆ సన్నివేశం వింటాడు. ఏది నవలాకారుడిదో, ఏది జంధ్యాల చేర్చిందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

'పడమటి సంధ్యారాగం' (1987) డిసెంబరు చివరి శనివారానికి పెట్టాం. అమెరికాలో తీసిన సినిమా అది. విజయశాంతి సరసన నటించిన థామస్ జేన్ తర్వాత హాలీవుడ్‌లో పేరు తెచ్చుకున్నాడు, అతని మొదటి సినిమా ఇదే. డిసెంబరులో అక్కడి కుటుంబాలు పిల్లలతో ఊళ్లకు వస్తాయి. ఆ పిల్లలకు ఈ సినిమా తమ ఇంటి కథలా అనిపించవచ్చు.

'బాబాయ్ హోటల్' (1992) మీద మాత్రం ఓటింగ్ దాకా వెళ్లింది. 1990లలో తీసిన వాటిలో పాత బిగువు కొంత సడలిందన్నది నా అభిప్రాయం కూడా. అయినా ఉండాలన్నాను. అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పిన బ్రహ్మానందాన్ని 'అహ నా పెళ్ళంట'లో అరగుండుగా నిలబెట్టిన దర్శకుడు, కొన్నేళ్లకు అతన్నే కథానాయకుణ్ణి చేశాడు. ఒక హాస్యనటుడి మీద ఒక రచయిత పెట్టుకున్న నమ్మకం అది. ఒక్క ఓటు తేడాతో సినిమా జాబితాలో నిలిచింది.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా: అనుమతులు

ఈ భాగం నీరసమైనది, కానీ దీన్ని దాటకుండా ఏ ప్రదర్శనా జరగదు. మన చట్టం ప్రకారం సినిమాకు హక్కుదారు నిర్మాత. విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అంటే 1981లో వచ్చిన సినిమా 2041 చివరిదాకా ఒకరి ఆస్తే. టిక్కెట్టు లేకపోయినా, మ్యూజియమైనా, అనుమతి పత్రం లేకుండా నలుగురి ముందు వేయకూడదు.

నెగటివ్ హక్కులు ఒకరి దగ్గర, శాటిలైట్ హక్కులు మరొకరి దగ్గర, డిజిటల్ హక్కులు ఇంకొకరి దగ్గర ఉండటం మామూలే. మనకు కావలసింది హాలులో ప్రదర్శించే హక్కు. ఉత్తరంలో ఆ మాట స్పష్టంగా రాయాలి: ఫలానా తేదీ, ఇన్ని కుర్చీల హాలు, ఒకే ప్రదర్శన, ప్రవేశం ఉచితం. ఇలా రాసినవాటికి జవాబులు త్వరగా వచ్చాయి. ఎవరైనా ఇలాంటి పని మొదలుపెడితే సినిమాకు ఒక ఫైలు తెరిచి, ప్రతి ఫోను సంభాషణా తేదీతో రాసుకోండి. వారసులు మారిపోయి ఉంటారు, ఆఫీసులు మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలిపోయి ఉంటాయి.

ఆశ్చర్యపరిచింది నిర్మాతల ఉత్సాహం. ఒక పెద్దాయన అనుమతి పత్రంతో పాటు షూటింగ్ నాటి ఫొటోల కవరు కూడా పంపారు, ఎవరెవరో వెనక పెన్సిలుతో రాసి.

జూన్, చివరి వారం

గాంధీనగర్‌లో ఒకప్పటి డిస్ట్రిబ్యూషన్ ఆఫీసు మేడమీద పాత రీళ్లు ఉన్నాయని కబురొస్తే వెళ్లాం. విజయవాడ సినిమా వ్యాపారమంతా ఆ వీధుల్లోనే నడిచింది కనుక ఆశ ఉంది. వెంట ఒక రిటైరైన ఆపరేటర్ గారిని తీసుకెళ్లాం. మ్యూజియంలో అందరం ఆయన్ని బాబాయి గారనే పిలుస్తాం.

రేకు డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంది. ఎసిటేట్ ఫిలిం వేడికి, తేమకు కుళ్లడం మొదలుపెడితే ఎసిటిక్ ఆమ్లం విడుదలవుతుంది. ఒకసారి మొదలైతే ఆగదు, పక్క డబ్బాలనూ పాడు చేస్తుంది. కృష్ణా తీరపు ఎండలు, ఉక్కపోత, రేకుల కప్పు: ఇంతకంటే చెడ్డ చోటు ఫిలింకు ఉండదు. బాబాయి గారు తెల్లని నూలు చేతి తొడుగులు వేసుకొని ఫిలిం అంచును బొటనవేలితో తడుముతూ పోయారు. పక్క రంధ్రాలు చిట్లిన చోట, అతుకు ఊడిన చోట ఆగారు. "ఇది కుంచించుకుపోయిందమ్మా. మిషన్లో పెడితే పళ్లు పట్టవు, చింపేస్తుంది" అన్నారు. వంద అడుగులకు ఒక అడుగు కుదించుకుపోయినా ప్రొజెక్టరుకు ప్రమాదమే.

రెండు సినిమాల రీళ్లు ఒకే బాక్సులో కలిసిపోయి ఉన్నాయి, చీటీలు ఊడిపోయాయి. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు నడుస్తుంది, అందులో పది అడుగులు వెలుతురుకు పట్టి చూస్తే ఏ సినిమానో, ఏ భాగమో ఆయన చెప్పగలుగుతున్నారు. రీలు చివర పైమూల కనిపించే చుక్కలు చూపించారు. మొదటి చుక్క పడగానే రెండో మిషను మోటారు వేయాలి, రెండో చుక్కకు తెరమీద బొమ్మ మార్చాలి. జంధ్యాల సినిమాలకు ఆ పని కష్టంగా ఉండేదట. జనం నవ్వుల్లో ఏ డైలాగు నడుస్తోందో బూత్‌లోకి వినిపించేది కాదని, కళ్లు చుక్కమీదే పెట్టుకొని నిలబడేవాళ్లమని చెప్పారు. ఈ మాటను అక్కడే రికార్డు చేశాం. మొదటి గదిలో ఇది వినిపిస్తాం.

ఆ రీళ్లు ప్రదర్శించడానికి పనికిరావు. యజమాని ఒప్పుకోలుతో వాటిని విడివిడి డబ్బాల్లోకి మార్చి, ఆమ్లం మోతాదును బట్టి నీలం నుంచి ఆకుపచ్చకు, ఆపైన పసుపుకు రంగు మారే పరీక్ష పట్టీలు వేసి, చల్లని గదికి తరలించాం. రంగు ఎర్రగా వెలిసిపోయినా, పక్కన నడిచే సౌండ్ గీత మాత్రం చాలా రీళ్లలో చెక్కుచెదరలేదు. స్కాను చేయిస్తే మాటలు దక్కవచ్చు. అందుకు డబ్బు విడిగా అడుగుతూ మేడమ్ ఉత్తరం రాశారు.

జూలై

సినిమాలు డిజిటల్ ఫైళ్లుగా రావడం మొదలైంది. కొన్ని చక్కగా స్కాను చేసినవి. కొన్ని పాత టీవీ టేపుల నుంచి తీసినవి. ఈ రెండో రకంతోనే అసలు పని.

టేపు నుంచి వచ్చిన ఒక ఫైలు వింటుంటే అందరి గొంతులూ కొంచెం పలచగా, హడావిడిగా ఉన్నాయి. దీనికి కారణం పాతదే. సినిమా క్షణానికి 24 ఫ్రేములతో నడుస్తుంది, మన టీవీ పద్ధతి 25. టేపుకు ఎక్కించేటప్పుడు సినిమాను 25కు పరుగెత్తించేవారు. నాలుగు శాతం వేగం పెరుగుతుంది. 140 నిమిషాల సినిమా 134 నిమిషాల్లో అయిపోతుంది. శ్రుతి కూడా హార్మోనియం మీద ఒక మెట్టుకు కాస్త తక్కువగా పైకి జరుగుతుంది. దశాబ్దాలుగా టీవీలో మనం ఈ సినిమాలు ఇలాగే విన్నాం, చెవి అలవాటు పడింది.

హాస్యానికి నాలుగు శాతం చిన్న తేడా కాదు. ఒక పాత్ర చెప్పింది విని మరో పాత్ర రెప్పలార్పకుండా చూసే ఆ నిలుపు దర్శకుడు ఎడిటింగ్ బల్ల దగ్గర ఫ్రేములు లెక్కపెట్టి ఉంచింది. దాన్ని మనం తగ్గించకూడదు. ఆ ఫైలును 24కు వెనక్కి దించాం, శబ్దాన్నీ దానితోపాటే నెమ్మది చేశాం. సుత్తి వీరభద్రరావు గొంతులో బరువు తిరిగి వచ్చింది. ఆయన ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో పనిచేసిన మనిషి. మైకుకు ఎంత దూరంలో నిలబడి ఏ అక్షరాన్ని నొక్కాలో తెలిసిన గొంతు అది. గదిలో ఉన్న మేమందరం ఒకేసారి తలెత్తి స్పీకరు వైపు చూశాం.

శబ్దం శుభ్రం చేయడంలో ఒక నియమం పెట్టుకున్నాను. కరెంటు గుంయ్‌మనే 50, 100 హెర్ట్జుల మోత తీసేస్తాం, టపటపలు తీసేస్తాం, వెనకనున్న సన్నని రొద జోలికి పోము. ఆ రొదను పూర్తిగా తుడిచే సాఫ్ట్‌వేర్ దానితోపాటు స, శ, ష ధ్వనులనూ గీకేస్తుంది. నత్తిలేని నటుడికి నత్తి వస్తుంది. తెలుగు అక్షరం మీద అంత శ్రద్ధ పెట్టిన రచయిత ప్రదర్శనలో అక్షరం అరగడం నాకు సమ్మతం కాదు.

ఆగస్టు, సెప్టెంబరు: గది కట్టడం

మధ్య గది 20 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. రాతి నేల, ఎత్తయిన కప్పు, సున్నపు గోడలు. మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే శబ్దం గోడల మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఇలాంటి గదిలో సంగీతం నిండుగా వినిపిస్తుంది, మాట మాత్రం చెదిరిపోతుంది. ఒక అక్షరం తాలూకు ప్రతిధ్వని తర్వాతి అక్షరం మీద పడుతుంది. క, ట, చ లాంటి పరుషాక్షరాలే ముందు మునిగిపోతాయి.

పైగా ఆ రోజుల్లో తెలుగు సినిమా మాటలు ఎక్కువగా డబ్బింగ్ థియేటర్లో మైకు ముందు పలికించినవి. గొంతు దగ్గరగా, పొడిగా ఉంటుంది. దాన్ని మోత గదిలో పెడితే రెండు గదుల శబ్దాలు ఒకదానిమీద ఒకటి పడ్డట్టు ఉంటుంది. కాబట్టి గదిని కూడా పొడిగా మార్చాలి.

గుడ్ల అట్టలు అంటించమని చాలామంది సలహా ఇచ్చారు. వాటివల్ల పెద్ద ప్రయోజనం లేదు, పలచని అట్ట మాట పౌనఃపున్యాలను మింగలేదు. మేము చేసినది ఇది. గోడకు నాలుగంగుళాల దూరంలో చెక్క చట్రాలు నిలబెట్టాం. వాటిలో దట్టంగా ఏకిన దూదిని పరుపుల్లా కుట్టించి బిగించాం. మీద ముదురు నీలం నేతబట్ట. వెనక వదిలిన ఖాళీ చాలా ముఖ్యం, మందం అంతే ఉన్నా మంద్రస్వరాలు మరింతగా అణగడానికి ఆ గాలిపొరే కారణం. నేలమీద కొబ్బరిపీచు చాపలు, వాటిమీద జంపఖానాలు. దూది నిప్పుకు లొంగుతుంది కనుక ముందుగా బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో తడిపి ఆరబెట్టించాం. ఒక ముక్కకు నిప్పు పెట్టి చూశాం. నల్లబడింది, మంట అంటుకోలేదు. అగ్నిమాపక అధికారి తానూ ఒకసారి పరీక్షించి సంతకం చేశారు.

పరుపులు కుట్టినతను గది పూర్తయ్యాక లోపలికి వచ్చి "ఇక్కడ మన మాట మనకే కొత్తగా ఉందండీ" అన్నాడు. నాకు కావలసింది అదే.

స్పీకరు ఒక్కటే, కూర్చున్న మనిషి చెవి ఎత్తులో, ముందు గోడ మధ్యలో. నలుమూలలా స్పీకర్లు పెడితే గొప్పగా ఉంటుందన్నారు. ఆ సినిమాల శబ్దం ఒకే దారిలో రికార్డైంది, తెర వెనక మధ్యనున్న స్పీకరు నుంచే థియేటర్లలో వినిపించింది. ఆ మనిషి అక్కడ నిలబడి మాట్లాడుతున్నట్టు ఉండాలి. ఇదే పద్ధతి మూడో గదిలోని హాలుకు కూడా పాటించాం. పక్క స్పీకర్లు కట్టేసి మధ్య స్పీకరు ఒక్కదానితోనే సినిమాలు వేస్తాం.

సెప్టెంబరు, చివరి వారం

ఇక ఆ గదిలో ఏం వినిపించాలి? పాటలు వద్దు. రమేశ్ నాయుడు బాణీలు నాకు ప్రాణం, కానీ పాట మొదలైతే మాటను ఎవరూ తలచుకోరు. వ్యాఖ్యానం వద్దు. ఒక కూర్పు పన్నెండు నిమిషాలు, ఆ తర్వాత రెండు నిమిషాల నిశ్శబ్దం, మళ్లీ మొదలు.

మొదట 'శంకరాభరణం'లోంచి తక్కువ మాటలున్న చోటు. ఆ తర్వాత 'ముద్దమందారం' యువజంట సంభాషణ. అందులో ఇద్దరూ కొత్తవాళ్లు, ప్రదీప్, పూర్ణిమ. వాళ్ల బెరుకును రచయిత పాత్రల బెరుకుగా మలచుకున్నాడు. తర్వాత సుత్తి జంట. ఆపైన 'శ్రీవారికి ప్రేమలేఖ'లో శ్రీలక్ష్మి, చూసిన సినిమా కథను పేర్లు పడటం దగ్గర్నుంచి చెప్పే ఇల్లాలు. ఇది బొమ్మ లేకుండా వింటే ఇంకా బాగుంది. సినిమా చూపించకుండా మాటతోనే సినిమా చూపిస్తోంది ఆమె, చీకట్లో కూర్చున్న మనం ఆమె భర్త స్థానంలో ఉంటాం.

చివర 'అహ నా పెళ్ళంట' పెట్టాలనుకున్నాను. అందరికీ గుర్తున్న సన్నివేశం కోడిని వేలాడదీసి చూస్తూ అన్నం తినే పిసినారిది. కోట శ్రీనివాసరావు ముఖం లేకుండా అది నిలబడదు, కంటికోసం రాసిన సన్నివేశం. దాన్ని వదిలి, ఆ పిసినారి లక్ష్మీపతే లెక్కలు చెప్పే మరో చోటు ఎంచుకున్నాం. మాటల రచయితలోని దర్శకుడు ఎక్కడ మాటను పక్కన పెడతాడో ఈ ఎంపికలోనే తెలిసింది. ఆ కోడి సన్నివేశం ఒక్కటే శబ్దం లేకుండా గది బయట చిన్న తెరమీద వేస్తున్నాం. మేడమ్ ఆలోచన అది, చాలా మంచి ఆలోచన.

తిట్ల దండకాలు వరుసగా వింటున్నప్పుడు ఒక సంగతి స్పష్టమైంది. నిమిషంపాటు ఒకణ్ణి తిట్టినా అందులో ఇంటిల్లిపాదీ వినలేని మాట ఒక్కటీ రాదు. కోపమంతా ప్రాసలోకి, ఉపమానంలోకి, ఊపిరి బిగింపులోకి పోతుంది. పరిషత్తు నాటకాల అనుభవం ఇక్కడ పలుకుతోంది. 'ఏక్ దిన్ కా సుల్తాన్', 'గుండెలు మార్చబడును' రాసిన రోజుల్లో ఆయన ఎదుట తెర లేదు, ఆఖరి వరుసదాకా వినపడవలసిన నటుడున్నాడు. ఎక్కడ గాలి పీల్చుకోవాలో కూడా వాక్యంలోనే ఉంది.

వినికిడి లేనివాళ్లకు ఈ గది అన్యాయం చేయకూడదు. పన్నెండు నిమిషాల పాఠం మొత్తం చిన్న పుస్తకంగా వేశాం, చదవడానికి బల్లమీద మసక దీపం పెట్టాం. మాటలు అచ్చు వేయడానికి విడిగా అనుమతి కావాలి, సినిమా హక్కు వేరు, రాతమీది హక్కు వేరు. అదీ వచ్చింది.

అక్టోబరు

సబ్‌టైటిళ్లు. తెలుగు రాని సందర్శకులకు, విదేశాల్లో పెరిగిన పిల్లలకు ఇంగ్లీషులో. రెండు వరుసలు, వరుసకు 40 అక్షరాల లోపు, తెరమీద కనీసం ఒక క్షణం, గరిష్ఠంగా ఆరు క్షణాలు. ఈ కొలతలు అందరూ పాటించేవే. జంధ్యాల దగ్గర ఇవి సరిపోవు.

కన్ను చెవికంటే ముందు పరుగెత్తుతుంది. వాక్యం మొత్తం ఒకేసారి తెరమీద పడితే, నటుడు అసలు విరుపు దగ్గరికి చేరకముందే సబ్‌టైటిల్ చదివినవాళ్లు నవ్వేస్తారు. విన్నవాళ్లు తర్వాత నవ్వుతారు. ఒకే హాలులో నవ్వు రెండు ముక్కలవుతుంది. అందుకని విరుపున్న వాక్యాలన్నీ రెండుగా కోశాం. మొదటి సగం ముందు, రెండో సగం నటుడు నోరు తెరిచిన ఫ్రేములోనే. మా అనువాదకురాలు ఒక్కో విరుపునూ హెడ్‌ఫోను పెట్టుకొని వేలితో తాళం వేస్తూ గుర్తించింది. వేగంగా సాగే దండకాల్లో సగం మాటలు వదిలేయక తప్పలేదు. అర్థం వదిలినా లయ వదలవద్దని మాత్రం అడిగాను. చిన్న చిన్న తునకలుగా, టకటకా మారుతూ వచ్చే వరుసలు పెట్టింది. చదవలేకపోయినా, మనిషి ఊపిరాడకుండా మాట్లాడుతున్నాడని కంటికి తెలుస్తుంది.

నెలాఖరున పరీక్ష ప్రదర్శన. ఖాళీ హాలులో ఒకసారి, మ్యూజియం సిబ్బంది కుటుంబాలతో నింపి ఒకసారి, రెండూ 'చంటబ్బాయ్'తోనే. ఖాళీ హాలులో కొన్నిచోట్ల పాత్రల మధ్య విరామం ఎక్కువైందనిపించింది. నిండిన హాలులో అవే విరామాలు నవ్వుతో సరిగ్గా నిండాయి. నవ్వు తగ్గుముఖం పట్టే సమయానికి తర్వాతి మాట వచ్చింది. పత్రికా సంపాదకుణ్ణి తన కవితలతో వేధించే శ్రీలక్ష్మి సన్నివేశంలో ఇది మరీ స్పష్టం. ఆమె చదువుతుంది, ఆయన ముఖం చూపిస్తారు, మళ్లీ ఆమె. ఆ ముఖం చూపించిన వ్యవధి జనానికి వదిలిన చోటు. రంగస్థలం మీద నటుడు నవ్వు ఆగేదాకా నిలబడగలడు, సినిమాలో ఆ నిలుపును ముందే ఊహించి కత్తిరించి పెట్టుకోవాలి. జనాన్ని చూడకుండానే జనం ఎంతసేపు నవ్వుతారో అంచనా వేయగలిగిన మనిషి జంధ్యాల. ఇంట్లో ఒక్కరం ఫోనులో చూస్తున్నప్పుడు ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు. ఈ సినిమాలు హాలులో, నలుగురితో చూపించాలన్న మా పట్టుదలకు ఇంతకంటే కారణం అక్కరలేదు.

ఆ రాత్రి మేడమ్ మధ్య గదిలో ఒక్కరే కూర్చొని పన్నెండు నిమిషాలూ విన్నారు. బయటికి వచ్చి, గది ముందు పెట్టిన పోస్టర్ల వరుసను లోపలి నడవాలోకి మార్చమన్నారు. వచ్చినవాళ్లు ముందు వినాలని, తర్వాత చూడాలని.

నవంబరు, ప్రారంభమైన వారం

'శంకరాభరణం' రోజున హాలు నిండి, కొందరు మెట్లమీద కూర్చున్నారు. 'నాలుగు స్తంభాలాట'కు కాలేజీ పిల్లలు ఎక్కువ. వాళ్లకు ఈ నటులు తెలియదు, మాటల వేగం మాత్రం వెంటనే పట్టుకున్నారు. 'ఆనందభైరవి'కి కూచిపూడి నుంచి పెద్దలు వచ్చారు, సినిమా అయ్యాక చాలాసేపు మేడమ్‌తో మాట్లాడుతూ ఉండిపోయారు. వాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేయడానికి వచ్చే వారం మేమే అక్కడికి వెళ్తున్నాం.

మధ్య గదిలో జనం కూర్పు ఒకసారి విని వెళ్లిపోతారనుకున్నాం. చాలామంది రెండు నిమిషాల నిశ్శబ్దం ఓపిగ్గా భరించి మళ్లీ వింటున్నారు. వయసు మళ్లినవాళ్లు పాత్రలతోపాటు మాటలు పలుకుతున్నారు. పక్కవాళ్లకు ఇబ్బందేమోనని కాపలా అతను అడిగితే, ఆపవద్దన్నాను.

సరిచేయవలసినవి: బల్లలకు వీపు ఆనించుకునే పలక లేదు, పెద్దవాళ్లకు కష్టంగా ఉంది, వడ్రంగికి చెప్పాను. నవలల దగ్గర హెడ్‌ఫోను తీగలు పొట్టిగా ఉన్నాయి, చక్రాల కుర్చీలో వచ్చినవారికి అందడం లేదు. హాలులో మూడో వరుస కుడివైపు ఏసీ మోత మాటను కప్పేస్తోంది, మెకానిక్ బుధవారం వస్తాడు. రీళ్లలోని సౌండ్ గీతల స్కానింగుకు డబ్బు మంజూరైంది. మొదటి నాలుగు డబ్బాలు సోమవారం బాబాయి గారు సర్దిపెడతారు. వాటిలో రెండు సినిమాలవీ కలిసి ఉన్నాయి కనుక ప్రతి డబ్బా మీద పాత చీటీ స్థానంలో కొత్త చీటీ, రీలు మొదటి మాట, చివరి మాట రాసి అంటించాలి.